ఫోన్లో రోమ్: టోటల్ వార్ ఆడుతున్నాను. మనుషులు ఎక్కువున్నా యుద్ధాలెందుకు ఓడిపోతున్నాను?

టెక్కలి నుంచి ఒక డిగ్రీ కుర్రాడు అడిగాడిది. ఫోన్లో రోమ్: టోటల్ వార్ కొని (పాత రోమ్ సైన్యాలతో రాజ్యాలు గెలిచే ఆట ఇది), జూలియై అనే రోమన్ కుటుంబంతో మొదలుపెట్టాడట. ఆటో రిజాల్వ్ (యుద్ధాన్ని ఆటే లెక్కగట్టి తేల్చేసే బటన్) నొక్కితే గెలుస్తున్నాడు, తనే దిగి ఆడితే ఓడిపోతున్నాడు. "శత్రువులు గాల్ వాళ్ల కంటే నా దగ్గర రెండొందల మంది ఎక్కువే ఉన్నారన్నా, అయినా పది నిమిషాల్లో నా లైను చెల్లాచెదురైపోతోంది. గెలిచిన ఊళ్లలో గొడవలు. డబ్బు మైనస్. ఫోనేమో పెనంలా కాలిపోతోంది. ఎక్కడ తప్పు చేస్తున్నాను?" అని.

అన్నా అన్నావు కాబట్టి తమ్ముడూ అనే పిలుస్తాను.

నీ సైన్యం తక్కువేం కాదు. ఉన్నదంతా ఒకేసారి, ఒకే వైపు నుంచి ముందుకి తోలేస్తున్నావు, అదే తప్పు. కాల్బలాన్ని కదలకుండా నిలబెట్టు. రెండు యూనిట్లు, అంటే రెండు దళాలు, వెనక దాచుకో. గుర్రాలని చుట్టూ తిప్పి శత్రువు వీపు మీద కొట్టు. పారిపోయేవాళ్ల వెంట అందరినీ పంపకు. ప్రతి అర నిమిషానికీ పాజ్ నొక్కి మైదానమంతా ఒకసారి చూడు. నీ సమస్యలో ముప్పావు వంతు ఇక్కడే తీరిపోతుంది. మిగతా పావు వంతు ఊళ్లు, డబ్బు. అది కింద చెప్తాను.

నేనెవరినని అడుగుతావేమో. ఈ ఆట 2004లో కంప్యూటర్‌కి వచ్చింది. నేను మొదట ఆడింది 2006లో, విజయనగరంలో కోట దగ్గర ఒక నెట్ సెంటర్లో. కాలేజీ ఎగ్గొట్టి మరీ ఆడేవాణ్ణి. 2016లో ఐప్యాడ్‌కి, 2018లో ఐఫోన్‌కి, ఆ ఏడాది చివర్లో ఆండ్రాయిడ్‌కి వచ్చింది. ఇప్పుడు బొబ్బిలిలో సెల్ రిపేరు షాపు నడుపుతున్నాను. కస్టమర్ లేనప్పుడల్లా కౌంటర్ కింద ఒక యుద్ధం నడుస్తూనే ఉంటుంది. మా నాన్నగారు టీ ఇవ్వడానికొచ్చి "ఏటిరా, రోము ఇంకా పడలేదేటి?" అనడం మా షాపులో పాత జోకు. ఒకసారి కొంటే మళ్లీ వజ్రాలూ నాణేలూ కొనక్కర్లేదు, నెట్ కూడా అక్కర్లేదు. మన వైపు గాలివానొస్తే ముందు పోయేది సిగ్నలే కదా, అందుకే నాకిది నచ్చుతుంది.

ముందు ఒక విషయం బుర్రకెక్కించుకో. ఈ ఆటలో యుద్ధం ఆఖరి మనిషి చచ్చేదాకా సాగదు. సగం పైన బతికుండగానే ఒక పక్షానికి ధైర్యం చెడుతుంది, జెండా తెల్లగా మారుతుంది, వీపు చూపించి పరుగెడతారు. చచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆ పరుగులోనే చస్తారు. కాబట్టి నువ్వు చూడాల్సింది ఎంతమంది పడ్డారని కాదు, ఎవరి ధైర్యం ఎక్కడ సడలుతోందని. ధైర్యాన్ని తినేసేవి ఇవి: వెనక నుంచి దెబ్బ, రెండు వైపుల నుంచి దెబ్బ, పక్క యూనిట్ పారిపోవడం, జనరల్ చనిపోవడం, అలసట, నిప్పు బాణాలు, ఏనుగులు. ఇందులో మొదటి మూడూ నీ చేతిలో ఉన్నవే.

నీకున్న రెండొందల మంది ఎక్కువ ఎందుకు పనికిరాలేదో కూడా ఇప్పుడు తెలుస్తుంది. ఎదురెదురుగా తలపడితే కత్తి ఆడించేది ముందు వరసలే. వెనకున్నవాళ్లు విజయనగరం సిరిమానోత్సవం నాడు మూడు లాంతర్ల దగ్గర ఆఖర్న నిలబడ్డ మనలాంటివాళ్లు. తోపులాట తప్ప వాళ్లకి సిరిమానూ కనపడదు, పూజారీ కనపడడు. ఆ రెండొందల మందినీ పక్కకి తీసి చుట్టూ తిప్పితేనే వాళ్లు యుద్ధంలో ఉన్నట్టు.

ఇప్పుడు నిన్నగాక మొన్న గాల్ వాళ్ల ఊరు మెడియోలానియం దగ్గర నేను ఆడిన యుద్ధం చెప్తాను. నువ్వూ అక్కడే తన్నులు తిన్నావని రాశావు కదా. నా దగ్గర హస్టాటీ (కత్తి కాల్బలం) ఆరు, వెలిటీస్ (ఈటెలు విసిరేవాళ్లు) రెండు, ఎక్విటీస్ (గుర్రాలు) రెండు, జనరల్. వాళ్ల దగ్గర వార్‌బ్యాండ్లు (గాల్ కాల్బలం) ఏడు, ఈటెలు విసిరేవాళ్లు రెండు, జనరల్. తలకాయలు లెక్కపెడితే వాళ్లే ఎక్కువ.

మొదలవగానే పాజ్. మైదానంలో కొంచెం ఎత్తుగా ఉన్న చోటు వెతికాను. పెద్ద కొండ అక్కర్లేదు, చెరువు గట్టంత ఎత్తు చాలు. నాలుగు హస్టాటీలని ఆ గట్టు మీద పక్కపక్కనే వెడల్పుగా, పల్చగా పరిచాను. మిగతా రెండింటిని ఆ లైనుకి వెనక, ఒకదాన్ని ఎడమ కొసకి, ఇంకోదాన్ని కుడి కొసకి పెట్టాను. వెలిటీస్ ముందు, స్కిర్మిష్ ఆన్‌లో. జనరల్ మధ్యలో, లైనుకి వెనక. గుర్రాలు రెండూ కుడివైపు చెట్ల చాటున, లైనుకి చాలా దూరంగా.

తర్వాత ఏం చేశానంటే, ఏమీ చేయలేదు. నీలాంటి కొత్తవాళ్లకి ఇదే కష్టం. గాల్ వాళ్లు ఆవేశపరులు, నువ్వు కదలకపోతే వాళ్లే వస్తారు. వచ్చేదాకా ఊరుకో. ఎత్తు ఎక్కి, పరిగెత్తి వచ్చేసరికి సగం అలసిపోయి ఉంటారు. దార్లో వెలిటీస్ ఈటెలు విసిరి, శత్రువు దగ్గరికి రాగానే వాటంతటవే వెనక్కి వచ్చేశాయి. హస్టాటీలకి ఫైర్ ఎట్ విల్ ఆన్‌లో ఉంచి కదలకుండా నిలబెడితే, శత్రువు మీదికొచ్చే ముందు వాళ్ల బరువు ఈటెలు, అవే పైలమ్‌లు, వాటంతటవే విసురుతారు. నువ్వేం చేస్తున్నావు? శత్రువు కనపడగానే రెండుసార్లు నొక్కి పరిగెత్తిస్తున్నావు. అలా ఉరికితే ఈటెలు విసిరే వ్యవధి వాళ్లకి దొరకదు. చేతిలో బంగారంలాంటి ఆయుధం పెట్టుకుని పిడిగుద్దులకి వెళ్లినట్టు.

లైన్లు తగులుకున్నాయి. మళ్లీ పాజ్. ఎడమ కొసన నా హస్టాటీ మీద రెండు వార్‌బ్యాండ్లు పడ్డాయి. యూనిట్ మీద నొక్కితే దాని పరిస్థితి చూపిస్తుంది, నావాళ్లు తడబడుతున్నారు. వెనక దాచిన ఎడమ రిజర్వుని వాళ్ల వెనక్కి తోలలేదు. లైను కొస దాటించి, ఆ వార్‌బ్యాండ్‌కి పక్క నుంచి తగిలించాను. సాయానికెళ్లిన యూనిట్ సొంతవాళ్ల వీపు వెనక క్యూ కడితే లాభం లేదు, శత్రువు డొక్కలో పొడవాలి.

ఈ సందడిలో గుర్రాలు కుడి నుంచి పెద్ద చుట్టు తిరుగుతున్నాయి. నడిపించాను, పరిగెత్తించలేదు. ముందే ఉరికిస్తే అసలు ఛార్జ్ టైముకి వాటికి ఊపిరాడదు. శత్రు లైను వెనక్కి చేరాక పాజ్ నొక్కి ఒకే ఒక వార్‌బ్యాండ్‌ని ఎంచుకున్నాను, నా లైను మధ్యలో గట్టిగా చిక్కుకుపోయినదాన్ని. రెండు గుర్రాల యూనిట్లూ దాని వీపు మీదే. ఢీ కొట్టిన మొదటి క్షణాల్లోనే గుర్రం బలమంతా ఉంటుంది. నాలుగైదు అంకెలు లెక్కపెట్టి వెనక్కి లాగేశాను, కొంచెం దూరం వెళ్లి మళ్లీ ఛార్జ్. అక్కడే వదిలేస్తే గుర్రాలు గుంపులో ఇరుక్కుని ఒక్కొక్కటిగా చస్తాయి.

రెండో దెబ్బకి ఆ వార్‌బ్యాండ్ తెల్ల జెండా ఎత్తింది. దాన్ని చూసి పక్కది. పక్కదాన్ని చూసి దాని పక్కది. ఒక బుట్టలోంచి ఒక మామిడిపండు దొర్లితే మిగతావన్నీ దొర్లినట్టు, నిమిషంలో లైనంతా ఖాళీ. నా కుడి రిజర్వు యూనిట్ చివరిదాకా కదలనే లేదు. దాన్ని వాడలేదని నాకు బాధలేదు. ఎడమ కొస విరిగి ఉంటే అదే దిక్కయ్యేది.

ఇదేదో నా తెలివి అనుకోకు. క్రీ.పూ. 197లో సైనోసెఫలే దగ్గర మాసిడోనియా బల్లెపువరస రోమన్ల ఎడమ పక్కని కొండ కిందికి నెట్టేస్తుంటే, రెండో వైపు గెలిచిన ఒక రోమన్ అధికారి 20 మానిపుల్స్‌ని, అంటే చిన్న దళాల్ని, విడదీసుకుని, ఆ బల్లెపువరస వెనక్కి వెళ్లి పడ్డాడు. అంతే, అది కుప్పకూలింది. అతని పేరు కూడా చరిత్రలో మిగల్లేదు. నువ్వు తూర్పుకి వెళ్లి గ్రీకు నగరాలతో, మాసిడోనియాతో తలపడ్డప్పుడు ఈ బల్లెపువరసే, ఫాలాంక్స్ పేరుతో, ఎదురవుతుంది. ఫాలాంక్స్ ముందుకి ఎన్ని యూనిట్లు పంపినా ఆ బల్లేల మీద గుచ్చుకోవడమే. ఒక యూనిట్‌ని గార్డ్ మోడ్‌లో (చోటు వదలకుండా) ఎదురుగా నిలబెట్టి, ఫాలాంక్స్ చూపంతా అటే ఉండేలా చూసి, మిగతావాళ్లతో పక్క నుంచీ వెనక నుంచీ కొట్టు. ఆ పొడుగు బల్లేలతో వాళ్లు గబుక్కున తిరగలేరు. ఎగుడుదిగుడు నేల మీద ఇంకా అవస్థ. క్రీ.పూ. 168లో పిడ్నా దగ్గర సరిగ్గా అలాగే వరసలో సందులు పడ్డాయి, రోమన్లు ఆ సందుల్లో దూరారు.

ఇక తరమడం. ఇక్కడ నా చెంప మీద నేనే కొట్టుకున్న సంగతి ఒకటుంది. మొదట్లో పటావియం అనే ఊరి దగ్గర గెలిచేశానని ఊపు మీద, జనరల్‌ని పెట్టి పారిపోయేవాళ్లని తరిమించాను. ఆ జనరల్ మా కుటుంబ వారసుడు, పాతికేళ్లు నిండలేదు, సైన్యం నడిపే నేర్పుకి ఆట ఇచ్చే కమాండ్ చుక్కలు బాగా ఉన్నవాడు. మైదానం కొస దాకా వెళ్లాడు. పారిపోతున్న ఒక యూనిట్ అక్కడ మళ్లీ కూడదీసుకుని తిరిగింది. చుట్టూ నావాళ్లెవరూ లేరు. అతను పడిపోయిన సందేశం తెర మీదికొచ్చేదాకా నేను రెండో వైపు చూస్తున్నాను. యుద్ధం గెలిచాను, వారసుడు పోయాడు. ఆ రాత్రి ఆట డిలీట్ చేసేశాను, పొద్దున్నే మళ్లీ ఎక్కించాననుకో.

తరమడానికి ఎక్విటీస్ ఒకటో రెండో చాలు. మిగతా సైన్యం ఇంకా నిలబడి పోరాడుతున్న శత్రువు మీదికి తిరగాలి. జనరల్ లైను వెనకే ఉండాలి. అతని చుట్టుపక్కల ఉన్నవాళ్లకి ధైర్యం, అతని పని అదే. తరుముతూ వరస తప్పితే ఏమవుతుందో మన వైపు చరిత్రలోనే ఉంది. 1758 డిసెంబర్ 9న పిఠాపురం దగ్గర చందుర్తిలో, విజయనగరం ఆనంద గజపతి రాజుతో కలిసి వచ్చిన ఇంగ్లీషు సైన్యానికీ ఫ్రెంచి వాళ్లకీ యుద్ధమైంది. ఫ్రెంచి పటాలం ఎర్రకోట్లు వేసుకున్న సిపాయిల మీదికి వెళ్లింది. సిపాయిలు చెదిరారు, వీళ్లు వెంటపడి వరస తప్పారు. అసలు ఇంగ్లీషు పటాలం అప్పుడు పక్క నుంచి కాల్చింది. ఆట ఆడేటప్పుడు ఎక్విటీస్ కాకుండా హస్టాటీలు కూడా వెంటపడుతుంటే నాకు చందుర్తే గుర్తొస్తుంది, వెంటనే హాల్ట్ నొక్కుతాను.

ఏనుగుల గురించి నువ్వు అడగలేదు. కానీ ఏనుగులున్న రాజ్యాలు కార్తేజ్‌తోనో సెల్యూసిడ్లతోనో తలపడ్డ రోజు తప్పకుండా అడుగుతావు. ఏనుగులకి ఎదురుగా కాల్బలాన్ని దట్టంగా పేర్చకు, తొక్కేస్తాయి. ఈటెలు, నిప్పు బాణాలు వాడు. భయపడితే వాటికి పిచ్చెక్కుతుంది, అప్పుడు సొంతవాళ్లని కూడా తొక్కుతాయి. కురుపాం, కొమరాడ వైపు నీకు చుట్టాలెవరైనా ఉంటే అడుగు. పొలాల్లోకి వచ్చిన ఏనుగుల గుంపుని బెదరగొడితే అది ఏ పక్కకి తిరుగుతుందో ముందే చెప్పగలిగినవాడు లేడు. అందుకే వాటిని శత్రు లైనుకి దగ్గరగా ఉండగానే బెదరగొట్టాలి, నీ లైను దాకా రానివ్వకూడదు. క్రీ.పూ. 202లో జామా దగ్గర రోమన్ సేనాని స్కిపియో తన దళాల మధ్య సందులు వదిలాడు, చాలా ఏనుగులు ఆ సందుల్లోంచి దూసుకెళ్లిపోయాయి. ఆటలో కూడా యూనిట్ల మధ్య ఖాళీ వదిలి ఇది చేయొచ్చు, కానీ నాకు మూడుసార్లకి ఒక్కసారే కుదిరింది. ఈటెలే నమ్మకం. పిచ్చెక్కిన సొంత ఏనుగుల్ని చంపేసే బటన్ కూడా ఉంటుంది. అదీ ఉత్తుత్తి కల్పన కాదు, కార్తేజ్ మావటీల దగ్గర అందుకోసమే ఉలీ సుత్తీ ఉండేవని రోమన్ చరిత్రకారుడు లివీ రాశాడు.

ఏనుగుల మాటొచ్చింది కాబట్టి ఒక్కటి చెప్పి ముందుకెళ్తాను. రోమన్ రచయిత ప్లినీ లెక్కలో మన కళింగ రాజుకి 60,000 కాల్బలం, 1,000 గుర్రాలు, 700 ఏనుగులు. ఈ ఆట క్రీ.పూ. 270లో మొదలవుతుంది, ఏడాదికి రెండు టర్న్‌లు (టర్న్ అంటే నీ వంతు). అంటే నువ్వు పద్దెనిమిదో టర్న్ నొక్కే వేళకి అటు అశోకుడు కళింగం మీదికి వచ్చి ఉంటాడు. ఆట మ్యాపు మన దాకా రాదు. వచ్చి ఉంటే నేను జూలియైని ముట్టుకునేవాణ్ణి కాదు.

కోటల విషయం కొంచెం వివరంగా చెప్పాలి. నువ్వు ఊళ్లు గెలిచి పోగొట్టుకుంటున్నది ఇక్కడే.

పట్టుకోవడం తేలిక. చెక్క గోడైతే దాన్ని బద్దలుకొట్టే దూలాలు, ర్యామ్‌లు, రెండు చేయించు. ఒకటి కాలిపోయినా ఇంకోటి ఉంటుంది. గూఢచారి ముందే లోపలుంటే ఒక్కోసారి తలుపులే తెరుచుకుంటాయి. లోపలికెళ్లాక ఊరి మధ్య చౌకుని మూడు నిమిషాలు పట్టి ఉంచితే ఊరు నీది. కానీ ఆ చౌకులో నిలబడ్డ శత్రువు పారిపోడు, చచ్చేదాకా పోరాడతాడు. మైదానంలో పనిచేసిన ధైర్యం లెక్క అక్కడ పనిచేయదు. అందుకని తొందరపడి లోపలికి ఉరక్కుండా వీధి మొగలో ఆగి, ఈటెలూ బాణాలూ అన్నీ అయ్యేదాకా విసిరించి, అప్పుడు రెండు మూడు వీధుల్లోంచి ఒకేసారి దిగు. ఇరుకు వీధిలో గుర్రాలని ముందు పెట్టకు.

కాపాడుకోవడం కష్టం. ఇక్కడ నేను బొబ్బిలివాణ్ణి, కాబట్టి భరించు. 1757 జనవరి 24న మా ఊరి కోట మీదికి ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులతో, విజయనగరం పెద విజయరామరాజు సైన్యంతో కలిసి వచ్చాడు. మట్టి కోట. లోపలున్నవాళ్ల పరాక్రమానికి లోటు లేదు, మా రాజు రంగారావు చివరిదాకా నిలబడ్డాడు. మా వైపు చెప్పుకునే కథలో అసలు బాధంతా తాండ్ర పాపారాయుడు ఆ రోజు రాజాంలో ఉండటం, కబురు అతనికి సమయానికి అందకపోవడం. బొబ్బిలికీ రాజాంకీ ఎంత దూరం? ఇప్పుడైతే బస్సులో గంట కూడా పట్టదు. అతను వచ్చేసరికి అంతా అయిపోయింది. తర్వాత డేరాలోకి చొరబడి విజయరామరాజుని పొడిచి పగ తీర్చుకున్నాడు గానీ, కోట తిరిగి రాలేదు.

పటావియంలో నేను సరిగ్గా ఇదే చేశాను. ఊళ్లో రెండు యూనిట్లు వదిలి, పెద్ద సైన్యాన్ని పడమటికి తీసుకెళ్లిపోయాను. గాల్ సైన్యం వచ్చి ముట్టడించింది. నా సైన్యం వెనక్కి రావడానికి మూడు టర్న్‌లు. రెండో టర్న్‌లోనే ఊరు పోయింది. సరిహద్దు ఊరికి కనీసం ఒక సైన్యం ఒక్క టర్న్‌లో చేరుకునేంత దూరంలో ఉండాలి. ఊరి లోపలే ఉండక్కర్లేదు, దగ్గర్లో ఏ వంతెన దగ్గరో, ఏ అడవిలోనో ఉంటే ఇంకా మంచిది. అడవిలో ఉంటే ఒక్కోసారి దాడికొచ్చినవాడే మాటులో చిక్కుతాడు. వంతెన అయితే ఇవతలి ఒడ్డున మూడు యూనిట్లని అర్ధచంద్రంలా పెట్టు. దాటి వచ్చేవాడికి మూడు వైపుల నుంచీ దెబ్బలు, వాడి వెనకున్నవాళ్లు వంతెన మీద ఇరుక్కుపోతారు.

రెండో పాఠం ఆ డేరాది. యుద్ధం గెలిచిన జనరల్‌ని ఒంటరిగా మైదానంలో టర్న్ ఆఖరు చేయకు. సైన్యం సగమైపోయి ఉంటుంది, పక్కనే ఇంకో శత్రు సైన్యం కనపడకుండా ఉండొచ్చు. మిగిలిన కదలికతో ఊళ్లోకి చేర్చేసి, అప్పుడు టర్న్ ముగించు.

గెలిచిన ఊళ్లలో గొడవలు ఎందుకంటే, నువ్వు ఒక ఊరు గెలవగానే సైన్యమంతా తీసుకుని తర్వాతి ఊరికి పరిగెడుతున్నావు. రాజధాని దూరం, సంస్కృతి వేరు, జనం ఎక్కువ, కాపలా లేదు. ఊరి పక్కన మొహం బొమ్మ రంగు చూడు. ఆకుపచ్చ, పసుపు అయితే పర్లేదు, నీలంలోకి వచ్చిందంటే కాపలా పెంచు లేదా పన్ను తగ్గించు, ఎరుపైతే అప్పటికే ఆలస్యం. కాపలాకి హస్టాటీలని వృథా చేయకు, రైతుల యూనిట్లు చాలు. కాపలాలో ఎంతమంది ఉన్నారన్నదే లెక్క కాబట్టి చౌకగా అయిపోతుంది. గుళ్లూ బజార్లూ ముందు కట్టు. పెద్ద ఊరు గెలిచినప్పుడు ఆట మూడు దార్లిస్తుంది: అలాగే ఉంచడం, జనాన్ని బానిసలుగా నీ ఊళ్లకి పంపడం, ఊచకోత. నేను చిన్న ఊళ్లని అలాగే ఉంచుతాను, మధ్యస్థంగా ఉన్నవాటికి రెండోది. మూడోదానికి డబ్బూ వస్తుంది, గొడవా తగ్గుతుంది. ఆటే కదా అనుకుంటూనే నొక్కడానికి ఇప్పటికీ నాకు చెయ్యి రాదు. లెక్క ప్రకారం అది తెలివితక్కువేమో కూడా.

డబ్బు మైనస్ అయిందన్నావు. రెండు పనులు చెయ్. ఊరికే తిరుగుతున్న యూనిట్లని రద్దు చెయ్, ప్రతి టర్న్‌కీ జీతం తింటాయి. ఇద్దరు దౌత్యవేత్తల్ని తయారు చేసి కనపడ్డ ప్రతి రాజ్యానికీ పంపు. ముందు వ్యాపార హక్కులు, తర్వాత మ్యాపు సమాచారం అమ్ముకో. అవతలివాడు మ్యాపుకి ఎంతిస్తాడో అడిగి చూస్తే ఆశ్చర్యపోతావు. మా షాపులో పాత ఫోన్ అమ్మడానికొచ్చినవాళ్లలాగే, మొదట చెప్పిన ధరకి ఒప్పుకోవద్దు. రేవులు కట్టించు. సముద్ర వ్యాపారం రోడ్డు వ్యాపారం కంటే బాగా ముడుతుంది.

రోమ్ పెద్దల సభ సెనేట్ పనులిస్తుంది, ఇన్ని టర్న్‌లలో ఫలానా ఊరు పట్టు, ఫలానా రేవు దిగ్బంధించు అని. మొదట్లో అన్నీ చెయ్, బహుమతులు బాగుంటాయి. జనంలో నీ పేరు పెరిగేకొద్దీ సెనేట్‌కి నువ్వంటే కిట్టదు, చివరికి అంతర్యుద్ధం తప్పదు. పెద్ద ఆట గెలవాలంటే 50 రాష్ట్రాలు, అందులో రోము ఒకటి. నువ్వింకా అక్కడికి చాలా దూరం, ఇప్పుడే టెన్షన్ పడకు. 15 రాష్ట్రాల చిన్న ఆట ఒకటుంది, ముందు అది పూర్తి చెయ్.

ఆటో రిజాల్వ్ గురించి: దార్లో అడ్డొచ్చిన చిన్న చిన్న తిరుగుబాటు గుంపులకి వాడుకో, తప్పులేదు. సమానమైన యుద్ధాలకి వద్దు. గెలిచినా మనుషుల్ని ఎక్కువ పోగొడుతుంది, జనరల్ కూడా పోవచ్చు.

చివరిది ఫోన్ వేడి. ఇది నా వృత్తి, ఉచిత సలహా తీసుకో. ఛార్జింగ్ పెట్టి ఆడకు. నా దగ్గరికి ఉబ్బిన బ్యాటరీతో వచ్చే ఫోన్లలో చాలావాటి కథ ఇదే. వెనక కవరు తీసేయ్, బ్రైట్‌నెస్ సగానికి దించు, ఆటలో గ్రాఫిక్స్ తగ్గించు. యూనిట్ సైజు పెద్దది పెట్టుకున్నావేమో చూడు, మైదానంలో మనుషులు తగ్గితే ఫోన్‌కి ఊపిరాడుతుంది. మే నెలలో మధ్యాహ్నం ఆరుబయట ఆడితే ఏ ఫోనైనా నెమ్మదిస్తుంది. నెమ్మదిస్తే నీ వేలు ఒకటి చెప్తే తెర ఇంకోటి చేస్తుంది. చెమట వేళ్లతో తప్పు యూనిట్‌ని తాకి నేను ఒక యుద్ధమే పోగొట్టుకున్నాను. స్క్రీన్ గార్డ్ అంచులు లేచిపోయి ఉంటే మార్పించు, మూలల్లో టచ్ సరిగా అందదు, ఆటలో బటన్లేమో మూలల్లోనే ఉంటాయి. యుద్ధంలో దిగే ముందు సేవ్ చేసుకో, మధ్యలో ఫోన్ ఆగిపోతే అప్పటిదాకా ఆడింది గంగలో కలుస్తుంది.

మెడియోలానియం ముందరి సేవ్ నీ దగ్గర ఇంకా ఉందన్నావు కదా. అదే తెరిచి, రెండు హస్టాటీలని వెనక పెట్టి, గుర్రాలని చెట్ల చాటున దాచి ఇంకోసారి ఆడు. ఎడమ కొస విరిగితే ఏ నిమిషంలో విరిగిందో, అప్పటికి గుర్రాలు ఎక్కడున్నాయో రాయి. అది తెలిస్తే గుర్రాలని ఎప్పుడు బయల్దేరదీయాలో చెప్తాను.